డేట్ తప్పితే అన్నీ పీసీఓడీలేనా?

మా కాలేజీ స్టాఫ్ రూంలో మధ్యాహ్నం ఆడవాళ్ళమంతా ఒక దిక్కు కూర్చుని తింటాం. మొన్న ఒక మేడం బిడ్డను స్కానింగ్‌కు తీసుకుపోయి వచ్చి, డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుంది. ఏమైందంటే, "పీసీఓడీ అన్నరు. నీటి బుడగలున్నయట" అంది. హార్మోన్ల తేడాతో అండాశయాల నుంచి అండం సరిగా విడుదల కాని సమస్య అది. పక్కామె వెంటనే "మా పెద్దదానికి గూడ అదే" అంది. ఇంకొకామె "మా తోటికోడలి బిడ్డకు గూడ" అంది. ఎవరికి ఎన్నేళ్ళని అడిగితే పద్నాలుగు, పదహారు, పదిహేడు. ముగ్గురికీ రాసిన గోలీలు దాదాపు అవే. ముగ్గురికీ చెప్పిన మాట కూడా అదే: బరువు తగ్గాలె, అన్నం తగ్గించాలె. ఆ ముగ్గురిలో ఒక పిల్ల నా క్లాసులోనే ఉంది. తగ్గించుకోవడానికి ఆ పిల్ల ఒంటి మీద కండ లేదు.

నేను డాక్టర్‌ను కాను. నల్లగొండలో ఇంటర్ ఆడపిల్లలకు జువాలజీ చెప్తాను. పాఠం చెప్పేదాన్ని కాబట్టి పిల్లలు నా దగ్గర దాచుకోరు, తల్లులూ దాచుకోరు. అన్నేళ్ళుగా విన్నాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇది. నెలసరి తప్పిందంటే లోపల ఏదో కారణం ఉంటుంది, అది వెతకాలి. మనం వెతకడం మానేశాం. ఒక పేరు పెట్టి, గోలీ వేసి, డేట్ రప్పించి, పని అయిపోయిందనుకుంటున్నాం. పదహారేళ్ళ పిల్లకు పేరు పెట్టి పంపిస్తున్నాం, నలభై ఏళ్ళ తల్లికి గర్భసంచి తీసి పంపిస్తున్నాం. రెండు చోట్లా తొందర ఒక్కటే.

28 రోజుల లెక్క

సెకండియర్‌లో మానవ ప్రత్యుత్పత్తి పాఠం అయిపోయిన రోజు బెల్ కొట్టినా ఇద్దరు ముగ్గురు పిల్లలు కదలరు. బ్లాక్‌బోర్డు తుడుస్తుంటే మెల్లగా వస్తారు. "మేడం, మీరు 28 రోజులన్నరు. నాకు 36 అయితది. ఏమన్న అయ్యిందా?" అని ఒకరు. "నాకు రెండు నెలలకోసారి వస్తది, అమ్మ ఎవ్వరికీ చెప్పొద్దన్నది" అని ఇంకొకరు. పాఠ్యపుస్తకంలో 28 అని అచ్చువేసి ఉంటుంది కాబట్టి అది దాటిన ప్రతి పిల్లా తనకేదో రోగమనుకుంటుంది.

నిజానికి 28 అనేది సగటు. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. పెద్దమనిషి అయిన కొత్తలో 45 రోజుల దాకా పోవచ్చు. మెదడులోని హైపోథాలమస్, దాని కింద పిట్యూటరీ, కింద అండాశయాలు, ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి జత కుదరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా చాలా నెలల్లో అండమే విడుదల కాదు.

ఇంకో సంగతి పుస్తకంలో బొమ్మ రూపంలో ఉన్నా ఎవరి బుర్రకూ ఎక్కదు. అండం విడుదలైనాక నెలసరి రావడానికి పట్టే కాలం దాదాపు స్థిరం, రెండు వారాలు అటూఇటూ. సాగేదీ కుదించుకుపోయేదీ అంతకు ముందు భాగం. అంటే డేట్ పది రోజులు లేటయిందంటే, చాలాసార్లు అండమే పది రోజులు లేటుగా విడుదలైందన్నమాట. కాబట్టి నిన్న ఏం తిన్నావని అడిగితే లాభం లేదు. నెల కింద ఏం జరిగిందని అడగాలి. అప్పుడు జ్వరమొచ్చిందా, పరీక్షలా, ఇంట్లో చావు జరిగిందా, హాస్టల్ మారిందా, ఏమైనా గోలీలు మింగిందా? మా పిల్లల్లో ఎవరికైనా ఈ ప్రశ్న వేయండి, సగం మందికి జవాబు అక్కడే దొరుకుతుంది.

స్కానింగ్ కాగితం

పీసీఓడీ లేదా పీసీఓఎస్ అని తేల్చడానికి 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాలున్నాయి. అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువయ్యాయనడానికి గుర్తులు (గడ్డం కింద వెంట్రుకలు, మొండి మొటిమలు, లేదా రక్తపరీక్ష), స్కానింగ్‌లో అండాశయాల తీరు. ఈ మూడింటిలో రెండుండాలి. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) తేడాల లాంటి వేరే కారణాలు లేవని చూసుకున్నాకే. చిన్నపిల్లల విషయంలో ఇంకా గట్టిగా చెప్పారు. మొదటి నెలసరి వచ్చి ఎనిమిదేళ్ళు నిండని అమ్మాయికి స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని చెప్పకూడదని 2018లో అంతర్జాతీయ మార్గదర్శకాలొచ్చాయి. ఎందుకంటే ఆ వయసులో అండాశయంలో బోలెడన్ని చిన్న చిన్న పుటికలు ఉండడం సహజం. స్కానింగ్‌లో నల్లగా గుండ్రంగా కనిపించేవి అవే. అవి గడ్డలు కావు, ఇంకా ఎదగని అండాల గూళ్ళు.

పద్నాలుగేళ్ళ పిల్ల స్కానింగ్ కాగితం పట్టుకుని తల్లి ఏడుస్తుంటే నాకు కడుపు మండేది అందుకే.

నా క్లాసు పిల్ల సంగతి చెప్పాలి. పొద్దున ఆరున్నర బస్సు అందుకోవాలి కాబట్టి ఏమీ తినకుండా బయల్దేరుతుంది. మధ్యాహ్నం డబ్బా తీస్తే రెండు పుల్కాలు, నాలుగు కీరా ముక్కలు. మూడు గంటలకు ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోపు మీదికి వంగి, తల తిరుగుతున్నదని స్టూలు పట్టుకుంది. "అన్నం తింటే బుడగలు పెరుగుతయన్నరు మేడం" అంది. వాళ్ళమ్మ యూట్యూబ్ చూసి పాలు, అరటిపండు కూడా మాన్పించింది. డేట్లు తప్పడం మొదలైంది ఇంటర్‌లో చేరి, ఈ బస్సు ప్రయాణం మొదలైనాకే. తిండి చాలక బక్కచిక్కిన పిల్లకు మెదడే అండాశయాలకు కబురు పంపడం ఆపేస్తుంది. ఒంట్లో శక్తి లేనప్పుడు గర్భం మోయడం ప్రమాదమని శరీరం చేసుకునే ఏర్పాటు అది. అలాంటి పిల్లను ఇంకా తగ్గమంటే ఏమవుతుంది? ఉన్న నాలుగు డేట్లూ పోతాయి. అది నెలల తరబడి సాగితే ఎముకలు గట్టిపడాల్సిన వయసులో ఈస్ట్రోజన్ లేక ఎముకలు పలచబడతాయి.

తల్లిని పిలిపించి మాట్లాడాను. తర్వాత వాళ్ళు సర్కారు దవాఖానకు పోయారు. అక్కడి డాక్టరమ్మ మొదట పిల్లను బరువు తూచే మిషన్ ఎక్కించింది. పొద్దున లేచింది మొదలు ఏమేం తింటావో వరుసగా చెప్పించుకుంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, రక్తం చూసింది. ఐరన్ గోలీలిచ్చి, అన్నం పప్పు గుడ్డు తినమంది. అంతే. కొన్ని నెలలకు ఆ పిల్ల కారిడార్‌లో ఎదురై, "వచ్చింది మేడం" అని గబగబా చెప్పి పోయింది.

అయితే ఒక్క పిల్ల సంగతితో అందరిదీ తేలిపోదు. అదే క్లాసులో ఎండాకాలంలో కూడా చున్నీ గడ్డం దాకా చుట్టుకుని కూర్చునే పిల్ల ఇంకొకతి ఉంది. ఏడాదికి మూడు నాలుగుసార్లే నెలసరి. మెడ వెనక చర్మం నల్లగా మందంగా అయింది, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. వాళ్ళమ్మకు షుగరు. ఈ పిల్లకు పీసీఓఎస్ నిజంగానే ఉంది, ఆ సంగతి ఇంకా ముందే తెలియాల్సింది. పిల్లలు కనే వయసు స్త్రీలలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అందుకే "అందరికీ ఊరికే పీసీఓడీ అంటున్నారు" అని నేను కొట్టిపారేస్తే ఈ పిల్లకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమెకు గోలీలు కూడా అవసరమే. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోయి, ఏళ్ళు గడిస్తే కాన్సర్ దాకా పోయే ప్రమాదముంది. దాన్ని ఆపడానికే డాక్టర్లు హార్మోన్ గోలీలిస్తారు. కాకపోతే గోలీతో వచ్చే రక్తస్రావం గోలీది. కారణం తగ్గిందనడానికి అది రుజువు కాదు. ఈ మాట చీటీ రాసేటప్పుడు చెప్పరు, అందుకే గోలీలు ఆపగానే మళ్ళీ డేట్ తప్పితే తల్లులు బెంబేలెత్తిపోతారు.

ఎవరూ అడగని గోలీలు

బతుకమ్మ ముందర మెడికల్ షాపుకు పోయి కాసేపు నిలబడండి. చెర్వుగట్టు జాతర ముందర, కురుమూర్తి జాతర ముందర, ఇంట్లో పెండ్లి ముందర నిలబడండి. డేట్ జరిపే గోలీలు చీటీ లేకుండానే అమ్ముతారు. నోరెథిస్టిరోన్ అనే హార్మోన్ అది. డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు మింగుతారు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఇబ్బంది లేదు. మా ఇంటి పక్కామె దసరాకు ఒకసారి, తమ్ముడి పెండ్లికి ఒకసారి, గృహప్రవేశానికి ఒకసారి, మధ్యలో యాదగిరిగుట్టకు ఒకసారి వాడి, "నాకు డేట్లు ఎందుకో గలాటా అయితున్నయి" అని నన్ను అడిగింది. డాక్టర్‌కు ఈ గోలీల సంగతి చెప్పిందా అంటే చెప్పలేదట. పండగ కోసం మింగిన దాన్ని మందు కింద ఆమె లెక్కే వేయలేదు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిన వాళ్ళు ఈ గోలీ ముట్టకూడదని షాపులో ఎవరూ అడగరు.

గర్భం రాకుండా 72 గంటల్లో వేసుకునే గోలీ కూడా ఆ నెల డేట్‌ను ముందుకో వెనక్కో జరుపుతుంది. ప్రభుత్వ దవాఖానల్లో గర్భం రాకుండా మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్‌తో మొదట్లో అడపాదడపా చుక్కలు కనబడి, తర్వాత నెలసరే ఆగిపోవచ్చు. ముందే చెప్పి ఉంటే వేయించుకున్నామె భయపడేది కాదు. ఇంకా ఎవరికీ తట్టనివి గ్యాస్ గోలీలు. వాటిలో కొన్నింట్లో డోంపెరిడోన్ కలిపి ఉంటుంది, అది ప్రొలాక్టిన్ పెంచుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి తప్పుతుంది, ఒక్కోసారి బాలింత కాకపోయినా పాలు వస్తాయి. మా దగ్గర పొద్దున చాయ్‌తో పాటు గ్యాస్ గోలీ వేసుకునే ఇండ్లెన్నో. మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ కూడా డేట్లను చెదరగొడతాయి. వాటిని సొంతంగా ఆపేయొద్దు, ఫిట్స్ మందు ఆపితే ప్రాణం మీదికొస్తుంది. వాడుతున్నామని డాక్టర్‌కు చెప్పాలి, అంతే.

థైరాయిడ్ మందగించినా నెలసరి చెదురుతుంది. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది, రోజుకో గోలీతో కుదురుకుంటుంది. గర్భసంచికి టీబీ సోకడం మన దేశంలో ఇంకా ఉంది. దగ్గూ జ్వరమూ ఏమీ లేకుండా నెలసరి తగ్గిపోతూ వచ్చి, పిల్లలు కావడం లేదని పోతే బయటపడుతుంది.

ఫ్లోరిన్ సంగతి కూడా అనకుండా ఉండలేను. మా జిల్లాలో ఏ రోగానికైనా మొదటి ముద్దాయి ఫ్లోరిన్ నీళ్ళే. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు వంకర్లు పోయిన కాళ్ళను కళ్ళారా చూసిన వాళ్ళం కాబట్టి ఆ కోపం న్యాయమైనదే. కానీ ఫ్లోరైడ్ దెబ్బ పళ్ళ మీదా ఎముకల మీదా పడుతుందన్నంత గట్టిగా నెలసరి గురించి చెప్పడానికి ఆధారం లేదు. "నీళ్ళ మహిమ, ఏం జేస్తం" అని ఊరుకుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోరు. నా కోపమంతా అక్కడే.

తల్లి ముందర అడగలేని ప్రశ్న

నెలసరి తప్పితే ఏ డాక్టరైనా మొదట చూసుకోవాల్సింది గర్భమా కాదా అని. పెండ్లయిన వాళ్ళ విషయంలో అది మొదటి మాట. పెండ్లి కాని పిల్ల అయితే, పక్కన తల్లి కుర్చీ అంచు మీద కూర్చుని ఉంటే, ఆ ప్రశ్న గొంతు దాటదు. అడిగితే తల్లికి అవమానం, అడగకపోతే పిల్లకు ప్రమాదం. గర్భమని తెలియక హార్మోన్ గోలీలిచ్చి డేట్ కోసం చూస్తూ కూర్చుంటే వారాలు గడిచిపోతాయి. ఆ తర్వాత పిల్లకు మిగిలే దారులు తక్కువ. గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచిన గర్భమైతే ప్రాణాపాయం.

తల్లుల బాధ నాకు తెలుసు. "మా బిడ్డ గసొంటిది కాదు మేడం" అంటారు. ఎవరి బిడ్డనూ ఎవరూ అనుమానించడం లేదు. మేనమామ ఇంట్లోనో, హాస్టల్‌లోనో తనకు ఇష్టం లేకుండా జరిగినది చెప్పుకోలేని పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళకు ఒక్క రెండు నిమిషాలు ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడే వీలు దొరకాలి. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అని ప్రతి పిల్ల తల్లికీ చెప్పడం అలవాటు చేస్తే ఎవరికీ ప్రత్యేకంగా అవమానం ఉండదు. ఓపీలో వందమంది నిలబడి ఉంటే డాక్టర్‌కు తీరిక ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, డాక్టర్లను పెంచాల్సిందే. కానీ స్కానింగ్‌కు పంపే తీరిక ఉన్నచోట ఈ రెండు నిమిషాలు కూడా దొరుకుతాయి.

ఇంకో మాట చెవులు గింగుర్లెత్తేలా వింటాను: "పెండ్లయితే అదే సక్కగైతది." ఇది ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు దాటేసరికి చాలామందికి నెలసరి దానంతట అదే కుదురుకుంటుంది. మన దగ్గర పెండ్లిళ్ళూ అప్పుడే అవుతాయి కాబట్టి ఆ పేరు పెండ్లికి దక్కింది. థైరాయిడ్‌కూ పీసీఓఎస్‌కూ తాళిబొట్టు సంగతి తెలియదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21) లెక్కలో తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. ఆ తొందరకు "డేట్లు సరిగా వస్తలేవు" అనేది ఇంకో సాకు కావడం నేను చూశాను.

తీసేస్తే పీడ పోతదంటే

మా పెద్దమ్మ బిడ్డ మక్తల్ దిక్కు ఉంటుంది. ఏడాదిలో సగం పుణెలోనో ముంబైలోనో బిల్డింగు పనులు. ముప్పై ఎనిమిదేళ్ళకు నెలకు రెండుసార్లు నెలసరి, ఆగకుండా రక్తం పోతుంటే ఒక ప్రైవేటు దవాఖానలో "గర్భసంచి వాసింది, ఉంచితే కాన్సర్ అయితది" అన్నారు. తీయించుకుంది. అండాశయాలు కూడా తీసేశారని కాగితాలు చూస్తే నాకు తెలిసింది, ఆమెకు తెలియదు. అప్పటి నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

అంతకు ముందు గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేశారా? లేదు. రక్తం తగ్గించే గోలీలు ఇచ్చి చూశారా? లేదు. గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఒకటుంటుందని చెప్పారా? ఆ పేరే వినలేదు. నలభై దాటినాక అండాల విడుదల తగ్గుతూ డేట్లు అటూఇటూ కావడం మామూలే. కణితులు, పాలిప్‌లు ఉన్నా రక్తం ఎక్కువ పోతుంది. వీటిలో చాలావాటికి కోత ఆఖరి దారి కావాలి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నాయి. అనవసర ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

ఇదంతా మా అక్కకు చెప్పాను. ఆమె నింపాదిగా విని, "నువ్వు చెప్పేది నిజమే చెల్లె. గని సైట్ మీద బట్ట మార్చుకుందమంటే చాటు లేదు. మూడు దినాలు పండుకుంటే కూలి ఎవలిస్తరు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గద్వాల దిక్కు సీడ్ పత్తిలో క్రాసింగ్ (పువ్వులకు చేత్తో పుప్పొడి అంటించే) పనికి పోయే ఆడపిల్లలకైనా అంతే, పొద్దంతా చేనులో, మరుగుదొడ్డి లేకుండా. గర్భసంచి వద్దనిపించే బతుకు ముందు మారకుండా ఆపరేషన్ వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. అయినా అండాశయాలు తీసేస్తామని, తీస్తే ఏమవుతుందని ఆమెకు చెప్పి ఉండాల్సింది. ఆ మాత్రం హక్కు కూలికి పోయే మనిషికి కూడా ఉంది.

ఎప్పుడు ఆగొద్దు

"మామూలే, మామూలే" అని నేను చెప్పిన మాట పట్టుకుని ఎవరైనా ఆలస్యం చేస్తారేమోనని నాకు భయముంది. అందుకని పిల్లలకు తేల్చి చెప్తాను. పదిహేనేళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోతే ఆగొద్దు. మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే ఆగొద్దు. ఎనిమిది రోజులకు మించి రక్తం పోతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, నెలసరి మధ్యలో కనబడినా పోయి చూపించుకోవాలి. తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా, 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 చెప్పింది. ఎక్కువగా పోతున్న రక్తాన్ని "వేడి చేసింది" అని సరిపెట్టుకోవడానికి ఆ ఒంట్లో మిగులు లేదు. నెలసరి ఆగి ఏడాది దాటినాక మళ్ళీ చుక్క కనబడితే ఒక్క వారం కూడా ఆగొద్దని ఇంట్లో నాయనమ్మకు చెప్పమంటాను.

నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసుకోమంటాను: వచ్చిన తేదీ, ఎన్నాళ్ళుంది, ఎన్ని ప్యాడ్లు, ఆ నెల ఏ గోలీలు మింగారు, ఎన్ని పూటలు తినలేదు. మూడు నాలుగు నెలల ఈ పేజీ డాక్టర్ ముందు పెడితే స్కానింగ్ చెప్పలేనివి కూడా తెలుస్తాయి.

2023 మార్చి 8న సర్కారు ఆరోగ్య మహిళ పేరుతో ఆడవాళ్ళకు మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టింది, నెలసరి సమస్యలూ అందులో చూస్తారు. మా పిల్లలకు మంగళవారం కాలేజీ. గేటు దాటాలంటే నాన్న సంతకంతో లెటర్ కావాలి, అందులో కారణం రాయాలి. నాన్నతో ఏ పిల్ల రాయించుకొస్తుంది? తల్లి ఫోన్ చేసి చెప్పినా, లేడీ లెక్చరర్ చీటీ రాసినా పంపించాలని వచ్చే స్టాఫ్ మీటింగ్‌లో అడగబోతున్నాను. కారణం కాలమ్‌లో "ఆరోగ్యం" అన్న ఒక్క మాట చాలనాలి. వేరే కాలేజీల్లో పనిచేసే అక్కలు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటే మీరూ మీ ప్రిన్సిపాల్‌ను అడగండి.